బంకు కింద మట్టి, మన బోరులో నీళ్లు



ఈసారి గూళ్ల ధర, గుడ్ల సంగతి కొంచెం పక్కన పెడుతున్నాము. మన గుంపులో ఈ మధ్య మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఒకటుంది. “రోడ్డు పక్క పెట్రోలు బంకు ఉండాది. మా బోరు నీళ్లు వాసన వస్తాయి. తోటకు పారించవచ్చునా? పురుగుకు ఏమన్నా అయితాదా?” కోలారు వైపు నుంచి అడిగినారు, హోసూరు వైపు నుంచి అడిగినారు. ఊర్ల పేర్లు రాయడం లేదు. రాస్తే ఆ ఊరి గూళ్లకు, ఆ ఊరి భూములకు చెడ్డపేరు వస్తుందని అడిగినవాళ్ల భయం. ఆ భయం సంగతి కూడా కింద రాస్తున్నాము. పరీక్ష దారి తప్పేది చాలాసార్లు దానివల్లనే.

ముందు చిన్న జవాబు. వాసన వచ్చే నీళ్లు తాగవద్దు, వంటకు వాడవద్దు, పురుగుల షెడ్డులో చల్లవద్దు. బోరు పూడ్చవద్దు. గొడవకు పోకముందే తేదీ వేసి రాసిపెట్టుకోండి.

నూనె ఎక్కడినుంచి వచ్చింది, ఎంత దూరం పోయింది, ఇప్పుడు ఎటు పోతా ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరకాలంటే మట్టిని, నీళ్లను పద్ధతిగా పరీక్ష చెయ్యాలి. ఆ పరీక్ష ఎట్లా జరుగుతుందో మాలో ముగ్గురం ఒక పాత బంకు దగ్గర నిలబడి చూసినాము. అక్కడ చూసినది, ఇంజినీర్లను అడిగి తెలుసుకున్నది, బయట జరిగిన పెద్ద సంగతులు రెండు కలిపి ఇక్కడ రాస్తున్నాము. కొంచెం పొడుగైంది. మేపు పెట్టినాక తీరికగా చదవండి.

*ట్యాంకు నుంచి బోరు దాకా*

బంకులో పెట్రోలు, డీజిలు నేల కింద ట్యాంకుల్లో ఉంటాయి. పాత ట్యాంకులు ఒకే పొర ఇనుప రేకువి. తుప్పు పట్టినా, పైపు అతుకు వదులైనా, ట్యాంకరు లారీ నుంచి దించేటప్పుడు ఒలికినా నేలలోకి దిగిపోతుంది. పైకి ఏమీ కనబడదు. సెకండుకు ఒక చుక్క కారిందనుకోండి. రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది, ఏడాదికి పదిహేను వందల లీటర్లు. బంకు లెక్కలో రోజుకు నాలుగు లీటర్ల తేడా ఎవరి కంటికీ పడదు.

దిగే దారిలో కొంత మట్టికి అంటుకుంటుంది. కొంత ఆవిరై మట్టి సందుల్లో తిరుగుతుంది. మిగిలింది నీళ్ల మట్టం దాకా పోతుంది. పెట్రోలు, డీజిలు నీళ్లకంటే తేలిక, కాబట్టి పైన తేలుతాయి. అంతే అయితే తోడి తీసేయవచ్చు. కానీ పెట్రోలులో ఉండే బెంజీను, టాలుయీను, జైలీను లాంటివి కొంచెం కొంచెం నీళ్లలో కరుగుతాయి. కరిగింది కంటికి కనబడకుండా నీళ్లతోపాటు నడుస్తుంది.

వీటిలో బెంజీను అన్నిటికంటే చెడ్డది. రక్త క్యాన్సరు తెచ్చే గుణం దానికుంది. తాగే నీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మన దేశంలో ఇప్పుడు అమ్మే పెట్రోలులో బెంజీను నూటికి ఒకటి దాకా ఉండవచ్చు. లెక్క వేసి చూడండి. ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీను అంతా కరిగితే 8 లక్షల లీటర్ల నీళ్లను ఆ హద్దుకు తెస్తుంది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 160 అన్నమాట.

ఇంకొక సంగతి. బెంజీను వాసన నీళ్లలో మన ముక్కుకు తెలిసేటప్పటికే ఆ హద్దు ఎన్నో వందల రెట్లు దాటి ఉంటుంది. కాబట్టి “వాసన పోయింది, నీళ్లు బాగైనాయి” అనుకోవడం తప్పు. ల్యాబు చెప్పాలి, ముక్కు కాదు.

*మూసేసిన బంకు మళ్లీ ఎందుకు వాసన వస్తుంది?*

మేము చూసిన బంకు మూసి చాలా ఏళ్లయింది. అప్పట్లో ఎవరికీ ఏ వాసనా రాలేదు. ఊరి చెరువు నిండిన రెండో ఏడాది పక్క తోట బోరులో వాసన మొదలైంది. ఇదేమి చోద్యమని మేము అడిగితే ఇంజినీరు చెప్పింది ఇది.

మన వైపు ఏళ్ల తరబడి కరువు. నీటి మట్టం కిందికి పోతూ ఉంటే నూనె కూడా దానివెంట కిందికి దిగి, దారిలోని గరుసు నేలకు అంటుకుని ఉండిపోతుంది. చెరువు నిండి మట్టం పైకి వస్తే నీళ్లు ఆ మట్టిని తడుపుతాయి. అంటుకున్నది మళ్లీ కరుగుతుంది. కెసి వ్యాలీ, హెచ్ఎన్ వ్యాలీ నీళ్లు చెరువులకు వచ్చినాక మన జిల్లాల్లో కొన్నిచోట్ల మట్టం పైకి వచ్చింది. మంచిదే. కానీ పాత బంకు, పాత డీజిలు గోడౌను, లారీ షెడ్డు ఉన్న చోట మట్టం పైకి వచ్చినప్పుడు ఒకసారి నీళ్లు చూపించుకోవాలి.

*ముందు మన బోరునే చూడాలి*

నీళ్లమీద జిడ్డు పొర కనబడితే అది బంకుదే అని లేదు. ఇంజినీర్లు వచ్చిన మొదటిరోజు బంకు వైపు పోలేదు. ముందు అక్క బోరునే చూసినారు. (ఆ తోట యజమానిని ఇక్కడ అక్క అనే రాస్తాము.) వాళ్లు వరసగా తీసేసిన అనుమానాలు ఇవి.

ఇనుము ఎక్కువున్న నీళ్లలో ఒకరకం బాక్టీరియా వల్ల రంగురంగుల పొర వస్తుంది. పుల్లతో కదిలిస్తే అది పెంకుల మాదిరి విరిగి విడివిడిగా ఉంటుంది. నూనె పొర అయితే పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోతుంది. ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు.

కొన్ని సబ్‌మెర్సిబుల్ మోటార్లలో లోపల నూనె ఉంటుంది. సీలు పోతే ఆ నూనె బోరులోకే కారుతుంది. జనరేటరుకు తెచ్చిన డీజిలు క్యాను బోరు పక్కనే పెట్టినా, తోటకు కొట్టే మందు డబ్బా, స్ప్రేయరు బోరు దగ్గర కడిగినా అదే గతి. కొన్ని పురుగుమందుల్లో కలిపే ద్రావకం వాసన కూడా పెట్రోలు మాదిరే ఉంటుంది.

అక్క మోటారు పైకి తీయించినారు. సీలు బాగుంది. చుట్టుపక్కల డీజిలు పెట్టిన గుర్తు లేదు. అప్పుడు బంకు వైపు కదిలినారు. ఈ వరస మాకు నచ్చింది. పక్కవాణ్ణి అనేముందు మన గుమ్మం శుభ్రంగా ఉందని చూపించినాము కాబట్టి తర్వాత ఎవరూ మాట అనడానికి లేకపోయింది.

*మట్టి పరీక్ష*

తవ్వకముందు ఒక పూటంతా మాటలే. ట్యాంకులు ఎప్పుడు పెట్టినారు, ఎన్ని, ఎక్కడ, ఎప్పుడు తీసినారు, పైపులు ఎటు పోతాయి? కాగితాల్లో రెండు ట్యాంకులే ఉన్నాయి. అక్కడ చిన్నప్పుడు క్లీనరుగా పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చి, “వేపచెట్టు పక్కన ఇంకోటి ఉండె సామీ, లారీల డీజిలుకు” అని చూపించినాడు. ఎక్కువ పాడైన మట్టి చివరికి అక్కడే దొరికింది. ఊరి పెద్దల జ్ఞాపకం కూడా పరీక్షలో ఒక భాగమని మాకు అక్కడ తెలిసింది.

కరెంటు కేబులు, నీళ్ల పైపు ఎక్కడున్నాయో చూసుకున్నాక చిన్న యంత్రంతో గుంతలు వేసినారు. ప్రతి మీటరుకూ మట్టి తీసి కొంచెం మూత ఉన్న కవరులో వేసి, కాసేపు ఎండలో పెట్టి, లోపలి ఆవిరిని ఒక మీటరుతో చూస్తారు. అంకె పెరిగిన చోటి మట్టినే ల్యాబుకు పంపుతారు. బంకుకు దూరంగా, ఏ అనుమానమూ లేని చోట కూడా ఒక గుంత వేసి మట్టి తీసినారు. అది ఎందుకంటే, మన నేల మామూలుగా ఎట్లా ఉంటుందో తెలియకపోతే పాడైన నేలను దేనితో పోల్చాలి?

నీళ్లు పట్టే తీరు కూడా చూడవలసిందే. ప్లాస్టిక్ బాటిలులో పట్టరు. చిన్న గాజు సీసాలో అంచుదాకా నింపి, ఒక్క గాలిబుడగ కూడా లేకుండా మూత బిగిస్తారు. గాలి ఉంటే బెంజీను ఆ గాలిలోకి పోతుంది, ల్యాబులో తక్కువ చూపిస్తుంది. వెంటనే ఐసు పెట్టెలో పెడతారు. ఏ సీసా ఎక్కడిది, ఎవరు పట్టినారు, ఏ గంటకు, ఎవరి చేతికి ఇచ్చినారు అని కాగితం రాస్తారు. మనం కూల్‌డ్రింకు బాటిలులో పట్టి రెండురోజులు సంచిలో పెట్టుకుని తీసుకుపోతే ఆ రిపోర్టుకు విలువ లేదు. పట్టించేటప్పుడు ల్యాబువాళ్లే వచ్చి పట్టుకోవాలని అడగండి. మీరు పక్కన నిలబడండి.

*నీళ్లు ఎటు నడుస్తాయి?*

నీళ్ల కోసం వేరే బోర్లు వేసినారు. ఇవి మనం వేసే బోర్లు కావు. సన్నటి పైపులు, కింద గీతల మాదిరి సందులు, చుట్టూ గులక, పైన నీళ్లు దిగకుండా బంకమట్టి అడ్డు. పైనుంచి ఒక తాళం. వీటితో నీళ్లు వాడుకోరు, మట్టం చూస్తారు, సీసాలు పడతారు.

కనీసం మూడు కావాలి. మూడింటిలోనూ నీళ్ల మట్టం ఒకే కొలత నుంచి చూస్తే ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం తెలుస్తుంది. నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి నడుస్తాయి. తోటలో డ్రిప్పు వేయకముందు వాలు చూసుకోవడం మాదిరే, ఇది నేల కింద వాలు.

ఇక్కడే తిరకాసు. పై నేల వాలు తూర్పుకు ఉంటే నేల కింద నీళ్లు కూడా తూర్పుకే పోవాలని లేదు. మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు నడిచేది ఆ రాతి పగుళ్లలో. పగులు ఎటు పోతే నీళ్లు అటు. దానికితోడు చుట్టూ మోటార్లు. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి. గంటలకొద్దీ తోడే మోటారు చుట్టుపక్కల నీళ్లను తనవైపు లాగుతుంది. నీళ్లతోపాటు అందులో కరిగినదాన్నీ లాగుతుంది.

ఇంకొకటి కూడా చెప్పినారు. కేసింగు పైపు గట్టి రాయి దాకా దిగకుండా మధ్యలో ఆగితే, లేదా పైపు చుట్టూ సందు పూడ్చకపోతే, పైన ఉన్న పాడు నీళ్లు ఆ సందులోంచి లోతుకు జారుతాయి. ఎండిపోయి నోరు తెరిచి వదిలేసిన బోర్లు కూడా అంతే. పై నీళ్లకు లోతు నీళ్లకు మనమే దారి వేసినట్టు. పిల్లలు పడతారని మూత వేయమంటారు కదా, దానికి ఇది రెండో కారణం.

*హవాయిలో జరిగింది*

రాతి పగుళ్లు, మోటారు లాగడం అనే ఈ మాట మన ఊరి ఇంజినీరు ఊహ కాదు. అమెరికాలోని హవాయి దీవుల్లో, ఓఆహు దీవిమీద రెడ్ హిల్ అనే కొండ ఉంది. అమెరికా నౌకాదళం 1940 నుంచి 1943 దాకా ఆ కొండ లోపల 20 ట్యాంకులు కట్టింది. ఒక్కోటి 250 అడుగుల ఎత్తు, 100 అడుగుల వెడల్పు. ఒక్కోదానిలో 4 కోట్ల 70 లక్షల లీటర్లు పడుతుంది. ఆ ట్యాంకుల అడుగుకూ, హోనలూలు నగరం తాగే భూగర్భ జలానికీ మధ్య దూరం సుమారు 100 అడుగులే. ఆ నేల అగ్నిపర్వతం నుంచి వచ్చిన నల్లరాయి, పగుళ్లున్న రాయి.

2014 జనవరిలో ఒక ట్యాంకు నుంచి లక్ష లీటర్ల దాకా కారింది. తర్వాత 2021 నవంబరు 20న సొరంగంలో ఒక బండి తగిలి పైపు వాల్వు విరిగి, 75 వేల లీటర్ల దాకా విమాన ఇంధనం బయటపడింది. అందులో కొంత పక్కనే ఉన్న తాగునీటి బావిలోకి చేరింది. వారం తిరిగేసరికి సైనికుల కుటుంబాల కొళాయిల్లో వాసన. పిల్లలకు వాంతులు, దద్దుర్లు. మొదట్లో నౌకాదళం అధికారులు నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. పరీక్షల్లో నూనె తేలినాక మాట మార్చుకోవలసి వచ్చింది. ఆ నీళ్ల లైనుమీద బతికేవాళ్లు 93 వేలమంది. వేల కుటుంబాలు ఇళ్లు వదిలి హోటళ్లకు పోయినాయి.

మనకు పనికివచ్చే సంగతి దీని తర్వాతది. హోనలూలు నగర నీటి సంస్థకు దగ్గరలోనే హలావా అనే వేరే పెద్ద బావి ఉంది. దాని నీళ్లు అప్పటికి బాగున్నాయి. అయినా 2021 డిసెంబరు మొదట్లో ఆ సంస్థ చీఫ్ ఇంజినీరు ఎర్నీ లావ్ ఆ బావి మోటార్లు ఆపించినాడు. తోడితే పాడైన నీళ్లు తమవైపు వస్తాయని. నగరానికి నీళ్లు తగ్గినాయి, వాడకం తగ్గించమని జనాన్ని అడగవలసి వచ్చింది. అయినా ఆపినారు.

నీళ్లు ఏ వైపు నడుస్తున్నాయనే దానిమీద నౌకాదళం లెక్కను ఆరోగ్య శాఖ, నీటి సంస్థ ఒప్పుకోలేదు. పగుళ్ల రాతిలో కొద్ది బావులు చూసి దిక్కు చెప్పలేరు, ఇంకా పరీక్ష బావులు వెయ్యండని పట్టుబట్టినారు. చివరికి 2022 మార్చిలో ఆ ట్యాంకులు ఖాళీ చేసి శాశ్వతంగా మూసేయమని అమెరికా రక్షణ మంత్రి ఆజ్ఞ ఇచ్చినాడు. నూనె తీయడం 2024 దాకా పట్టింది.

మన దగ్గరికి వస్తే, 2013లో చెన్నై తండయారుపేటలో ఇళ్ల బోర్లలో పెట్రోలు, డీజిలు వాసన వచ్చింది. మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్న ఉత్తర చెన్నైలోని పేట అది. నేల కింద పోయే చమురు పైపు కారిందని తేలి, సంగతి హరిత ట్రిబ్యునలు దాకా పోయింది. అక్కడ కూడా మొదట బయటపెట్టింది ఇళ్లల్లో నీళ్లు పట్టుకునే జనమే.

*చెప్పని బోరు*

ఇప్పుడు మా వైపు సంగతి. మొదటి రౌండు రిపోర్టు వచ్చింది. వేపచెట్టు పక్క మట్టి పాడైంది. మూడు పరీక్ష పైపుల్లో రెండింట్లో బెంజీను హద్దు దాటింది. అక్క బోరులో కొంచెం ఉంది. కానీ లెక్క కుదరలేదు. మట్టాల ప్రకారం నీళ్లు చెరువు వైపు పోవాలి. అక్క తోట దానికి ఎదురు దిక్కు. “ఇక్కడ ఎక్కడో పెద్దగా తోడుతున్నారు, మాకు ఇచ్చిన పటంలో అది లేదు” అని ఇంజినీరు అన్నాడు.

ఊర్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. అక్క తోటకు అవతల ఒక రైతు రెండేళ్ల కింద రాత్రికి రాత్రి బోరు వేసినాడు. దానికి పర్మిషను లేదు. చెప్తే మోటారు కరెంటు పీకేస్తారని భయం. ఆయనకు మూడెకరాల తోట, బ్యాంకు అప్పు, నాలుగో జ్వరం దాటిన పురుగు షెడ్డులో. మాలో ఇద్దరం ఆ ఇంటికి పోయి కూర్చున్నాము. “అన్నా, నీ బోరులో వాసన లేదు కదా అంటావు. నీ మోటారు లాగేది అక్క బోరు మీదుగానే వస్తాది. ఈ ఏడు ఆమెకు, వచ్చే ఏడు నీకు” అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన భార్యే, “మన మనవడు తాగేది అవే నీళ్లు, పోయి చెప్పు” అనింది.

మరుసటిరోజు ఆయనే వచ్చి పటంలో చుక్క పెట్టించినాడు. ఆ బ్యాచ్ గూడు కట్టినాక రెండురోజులు మోటారు ఆపినాడు. పరీక్ష పైపుల్లో మట్టం మారింది. లాగుతున్నది ఆ మోటారే అని కొలతలో తేలింది. దాంతో నాలుగో పరీక్ష పైపు ఎక్కడ వెయ్యాలో తెలిసింది. ఆయన బోరు నీళ్లు కూడా ల్యాబుకు పంపినారు. ఇప్పటికి అందులో ఏమీ లేదు. పర్మిషను లేని బోరు అని ఎవరూ కరెంటు పీకలేదు. తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడు, అది నడుస్తా ఉంది.

పని అయిపోలేదు. వేపచెట్టు కింద పాడు మట్టి తీసి పంపాలి. మూలం తీయకుండా నీళ్లు శుద్ధి చేస్తే తొట్టికి చిల్లి ఉండగా నీళ్లు తోడినట్టు. తర్వాత తేలే నూనె తోడడం, మట్టిలోకి గాలి పంపి ఆవిరి లాగడం, నీళ్లను బొగ్గు ఫిల్టరు గుండా పంపడం, నూనె తినే బాక్టీరియాను వాడడం అనే పద్ధతులు ఉన్నాయి. ఢిల్లీలోని టెరి సంస్థ అట్లాంటి బాక్టీరియాను ఆయిల్‌జాపర్ పేరుతో తయారుచేసింది. చమురు బావుల దగ్గర పాడైన నేలల్లో వాడినారు. ఏది మన నేలకు సరిపోతుందో వానల తర్వాత రెండో రౌండు చూసి చెప్తామన్నారు. ఎండకాలం మట్టం వేరు, వానల తర్వాత మట్టం వేరు. ఒక్కసారి పరీక్షతో తేల్చేస్తామంటే నమ్మవద్దు.

అక్క ఈ రెండు పంటలకు గుడ్లు సగానికి తగ్గించింది. షెడ్డుకు, ఇంటికి ట్యాంకరు నీళ్లు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలనే మాట ఇంకా నడుస్తా ఉంది.

*పురుగుల షెడ్డులో*

పట్టుపురుగు నీళ్లు తాగదు, ఆకు తింటుంది. అయినా షెడ్డులో మనం నీళ్లు వాడే తీరు గుర్తు తెచ్చుకోండి. చాకీ పురుగుకు 27, 28 డిగ్రీల వేడి, నూటికి 85 దాకా తేమ కావాలని గోనెసంచులు తడిపి కడతాము, నేలమీద చల్లుతాము, కిటికీలు మూస్తాము. ఆ నీళ్లలో పెట్రోలు వాసన ఉంటే మూసిన షెడ్డులో ఆవిరి నిలుస్తుంది. కిరసనాయిలు డబ్బా కూడా షెడ్డు దగ్గరికి రానివ్వని మనం ఆ నీళ్లు ఎట్లా చల్లుతాము? ఆకు తడపడానికి, తట్టలు కడగడానికి, మందు కలపడానికి కూడా వద్దు.

పురుగు చస్తే మాత్రం వెంటనే బంకు మీద వేయవద్దు. పాలరోగం, సప్పె రోగం, సున్నకట్టు, పక్క పొలంలో కొట్టిన మందు గాలి అన్నీ చూడాలి. చచ్చిన పురుగును, ఆకును రేష్మె ఇలాఖా వాళ్లకు చూపించి రాయించుకోండి. కారణం తెలియకుండా చేసిన ఫిర్యాదు ఒక్కటి తప్పని తేలితే, నిజమైన ఫిర్యాదును కూడా నమ్మరు.

ఇంకొక జాగ్రత్త. పాత దిగుడు బావిలో, సంపులో, మోటారు గుంతలో ఆవిరి నిలిచి ఉండవచ్చు. అగ్గిపుల్ల గీసి చూడటం, లోపలికి దిగి వాసన చూడటం చేయవద్దు. ప్రాణం పోతుంది.

*ఎవరికి చెప్పాలి?*

గ్రామ పంచాయతి, తహసీల్దారు, జిల్లాధికారి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసు. నాలుగు చోట్లా ఒకే అర్జీ, ఒకే తేదీ. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలో ఏ రాష్ట్రం మండలి ఆ రాష్ట్రానిది. యానాంవాళ్లకు పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీ. ట్యాంకుల లైసెన్సు, భద్రత చూసేది పెసో అనే కేంద్ర సంస్థ, దాని పెద్ద ఆఫీసు నాగపూరులో ఉంది. బంకు ఏ కంపెనీదో ఆ కంపెనీ సేల్స్ ఆఫీసరుకు కూడా ఒక కాపీ. ప్రతిదానికీ రసీదు తీసుకోండి. అక్క మొదటి అర్జీకి జవాబు రాలేదు. రసీదు ఉండబట్టే రెండో అర్జీకి మనుషులు వచ్చినారు.

రెండు నియమాలు తెలిసి ఉండాలి. ఒకటి, 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులకు పెట్టిన దూరం. స్కూళ్లు, పది పడకలకు తగ్గని ఆస్పత్రులు, ఇళ్ల ప్రాంతాల నుంచి 50 మీటర్లు. వీలుకాని చోట అదనపు భద్రతతో అయినా 30 మీటర్లకు తగ్గకూడదు. మీ ఊర్లో కొత్త బంకు వస్తుందంటే ఇప్పుడే టేపు పట్టి చూడండి, మీ బోరు దూరం కూడా రాసి అభ్యంతరం ఇవ్వండి.

రెండు, 2025 జులైలో కేంద్రం పాడైన నేలల మీద కొత్త నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న చోట్ల జాబితాను స్థానిక సంస్థ, జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి పంపాలి. రాష్ట్ర మండలి 90 రోజుల్లో మొదటి పరీక్ష చెయ్యాలి. పాడుచేసినవాళ్లే శుద్ధి ఖర్చు పెట్టుకోవాలి. అర్జీలో ఈ నియమాల పేరు రాయండి. మీ చోటును జాబితాలో చేర్చమని అడగండి.

*నోటుబుక్కులో రాసుకోవలసినవి*

గూళ్ల లెక్క రాసే పుస్తకంలోనే రెండు పేజీలు వదలండి.

1. బోరు వేసిన తేదీ, లోతు, కేసింగు ఎన్ని అడుగులు, నీళ్లు తగిలిన లోతు.
2. మోటారు రోజుకు ఎన్ని గంటలు ఆడుతుంది.
3. వాసన మొదట వచ్చిన తేదీ. ఆ ముందు వారం వానా, చెరువు నిండిందా, కరెంటు పోయిందా.
4. మోటారు వేసిన వెంటనే వాసనా, గంట ఆడినాక వాసనా. ఇది ఇంజినీరుకు చాలా పనికి వస్తుంది.
5. చుట్టూ ఉన్న బోర్లు, ఎండినవి కూడా. పర్మిషను ఉన్నా లేకున్నా.
6. పాత బంకు, లారీ షెడ్డు, డీజిలు అమ్మిన అంగడి ఎక్కడ ఉండేదో ఊరి పెద్దలు చెప్పిన మాట.
7. బ్యాచ్ తేదీ, గుడ్ల లెక్క, ఏ జ్వరంలో ఎంత పోయింది, ఆ రోజు షెడ్డులో ఏ నీళ్లు వాడినారు.

వీటిలో అయిదోది అందరికంటే కష్టమని మాకు తెలుసు. ఒకరి బోరు సంగతి ఇంకొకరు రాయడం ఊర్లో పద్ధతి కాదు. అందుకే ఎవరిది వాళ్లే రాయాలి, అందరూ ఒకేరోజు కూర్చుని రాయాలి. ఒకరు దాస్తే పటం మొత్తం తప్పు. పటం తప్పయితే లక్షలు పోసి వేసిన పరీక్ష పైపు తప్పు చోట దిగుతుంది. నేల కింద నీళ్లకు గట్లు లేవు, సర్వే నంబర్లు లేవు.

మీ ఊర్లో పాత బంకు ఉంటే, బోరులో అనుమానం ఉంటే గుంపులో రాయండి. పేరు బయట పెట్టము. అర్జీ ఎట్లా రాయాలో తెలియకపోతే మేము రాసి పంపుతాము, మీరు సంతకం పెట్టి రసీదు తీసుకోండి. వానల తర్వాత రెండో రౌండు రిపోర్టు వచ్చినాక అందులో ఏముందో తప్పకుండా రాస్తాము.

వచ్చే సంచికలో ఎండకాలం చాకీలో తేమ, దానితోపాటు వి-1 తోటకు నీళ్లు తగ్గినప్పుడు కత్తిరింపు.